కొసరు మార్కులు

వరలక్ష్మికి ఇంగ్లీషులో నమ్మకంగా వచ్చిన అక్షరాలు నాలుగే. ఏ, బీ, సీ, డీ. ఏడో తరగతితో బడి మానేసిన మనిషికి మిగతావన్నీ ఎప్పుడో పెళ్లిలో చూసిన దూరపు చుట్టాల్లాగా, మొహం తెలిసీ పేరు తెలియనట్టు ఉంటాయి. అయినా ఆ నాలుగు అక్షరాల బలం మీదే, కాశిబుగ్గలో కిరాణా దుకాణం వెనక ఉన్న ఇంట్లో, ఆమె పరీక్ష పేపర్లు దిద్దే పంతులమ్మ అయి కూర్చుంది.

బిడ్డ భవాని బ్యాంకు పరీక్షకు చదువుతోంది. దుకాణంలో పెరిగిన పిల్ల కదా, లెక్కల్లో దానికి ఎదురు లేదు. ఎవరైనా ఫోను తీసి గుణించేలోపే నోటితో చెప్పేస్తుంది. చిక్కంతా ఇంగ్లీషుతోనే. పదో తరగతి దాకా తెలుగు మీడియం, డిగ్రీ పేరుకు ఇంగ్లీషు మీడియం. ఆ పరీక్షలో ఇంగ్లీషుకు ముప్ఫై ప్రశ్నలుంటాయి. వాటికని వాళ్లు పెట్టిన గీత ఒకటుంది. అది దాటకపోతే లెక్కల్లో అన్నీ కరెక్టు చేసినా ఇంటికి పొమ్మంటారు. కిందటేడు భవాని ఆ గీతకు ఒకటిన్నర మార్కు ఇవతల ఆగిపోయింది.

ఆ వారం వరలక్ష్మి ఈ జన్మలో మరిచిపోదు. పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు మెతుకు ముట్టలేదు. ఏడిస్తే బాగుండు అనుకుంది తల్లి, ఏడవనూ లేదు. ఫలితాలొచ్చిన మర్నాడు పేపరు లోపలి పేజీల్లో ఫెయిలైన పిల్లల గురించి వచ్చే చిన్న చిన్న వార్తలన్నీ వరలక్ష్మి కళ్లముందు తిరిగాయి. మూడోరోజు పిల్ల స్నానానికి పోయిన సమయం చూసి, దుకాణంలోని స్క్రూడ్రైవరు తెచ్చి గది తలుపు గడియ ఊడదీసింది. పప్పు డబ్బాల వెనక దాచి, చెదలు పట్టి ఊడిపోయిందని చెప్పింది. ఇనుప గడియకు చెదలేమిటని భర్త రమాకాంత్ అడగబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు.

ఈ ఏడు భవాని మళ్లీ లేచి కూర్చుంది. హన్మకొండలో సారంగపాణి సార్ దగ్గర మూడు నెలలు కోచింగ్ తీసుకుంది. కోచింగ్ అయిపోయిన రోజు సార్ పిల్లలందరికీ ఒకటే చెప్పాడట: ఇంట్లో రోజుకో టెస్టు రాయండి, జవాబుల కాగితాలు మాత్రం మీ దగ్గర పెట్టుకోకండి, చెయ్యి ఊరుకోదు. భవాని ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది. లావుపాటి పుస్తకం చివర ఉన్న జవాబుల పేజీలను చింపి తెచ్చి తల్లి ఒళ్లో పెట్టింది.

"గివి నీ దగ్గర దాచిపెట్టమ్మా. నేను బతిమాలినా ఇయ్యకు."

"నాకేం తెలుస్తది బిడ్డా గిండ్ల?"

"తెలిసేదేం లేదు. గీడ ఒకటో నంబరు పక్కన బీ ఉన్నది సూడు. నేను కూడ బీ పెడితే టిక్కు కొట్టు. ఇంకోటి పెడితే ఇంటూ కొట్టు. ఆఖర్ల టిక్కులు లెక్కవెట్టు. గంతే."

అంతే అన్నంత తేలికగా వరలక్ష్మి తీసుకోలేదు. ఎర్ర పెన్ను కొత్తది తీసింది. జవాబుల కాగితాలను బీరువాలో పట్టుచీరల కింద పెట్టింది. మధ్యాహ్నం దుకాణంలో గిరాకీ పలచబడ్డాక భవాని పుస్తకంలోంచి ఆ రోజు పేపరు చింపుకుని, ఫోనులో ఇరవై నిమిషాలు పెట్టుకుని టెస్టు రాస్తుంది. అది మోగగానే పెన్ను పడేస్తుంది. అప్పుడు వరలక్ష్మి కళ్లజోడు పెట్టుకుని, మంచమ్మీద మఠం వేసుకుని, ఒక వేలు పిల్ల పేపరు మీద, ఒక వేలు జవాబుల కాగితం మీద పెట్టి మెల్లగా దిద్దుతుంది. పిల్ల ఎదురుగా కూర్చుని తల్లి చేతినే చూడకుండా ఉండటానికి కిటికీలోంచి బయటికి చూస్తుంది.

ఒక్కోసారి వరలక్ష్మికి తెలుసుకోవాలనిపించేది. "గీ ప్రశ్నల ఏముందే?" అని అడిగేది.

"లుక్ అంటే చూసుడు. లుక్ ఆఫ్టర్ అంటే మంచిచెడ్డ అర్సుకునుడు. లుక్ ఫర్ అంటే దేవులాడుడు. లుక్ డౌన్ ఆన్ అంటే చిన్నచూపు చూసుడు. ఏడ ఏది వస్తదో మనం పెట్టాలె."

"ఒక్క చూపుకు ఇన్ని తోకలా? వాళ్లకేం పని లేదా?"

"మనకు లేవానమ్మా? పడుడు అంటే కింద పడుడు. మరి ఇష్టపడుడు? సిగ్గుపడుడు? భయపడుడు?"

"భయపడుడు నాకు నేర్పకు" అని వరలక్ష్మి నవ్వింది. ఆ రోజుల్లో ఆ ఇంట్లో కాస్త నవ్వుండేది.

మార్కులు మాత్రం పదిహేను, పదిహేడు, పదహారు, ఆ చుట్టుపక్కలే తిరిగేవి. గీత పద్దెనిమిది దగ్గరుంటుందనీ, ఇరవై వస్తే గాని ధైర్యంగా ఉండకూడదనీ సార్ చెప్పాడు. పన్నెండో టెస్టు రోజు వరలక్ష్మి మొదటి పది దిద్దేసరికే ఆరు ఇంటూలు పడ్డాయి. మొత్తం చూస్తే పదమూడు. పిల్ల కిటికీలోంచి చూస్తూ, "ఇయ్యాల మంచిగ రాయలేదమ్మా, నాకే తెలుస్తాంది" అంది. గొంతు కిందటేడు గోడవైపు తిరిగిన రోజున ఉన్నట్టే ఉంది.

సరిగ్గా అప్పుడే దుకాణంలోంచి పిలుపొచ్చింది. రమాకాంత్ బెల్లం లోడు తేవడానికి బీటుబజారు పోయాడు. వరలక్ష్మి పేపరు మడిచి పట్టుకునే బయటికి పోయింది. చిలుకమ్మ. ఎన్నో ఏళ్ల గిరాకీ. వీధి చివర మగ్గం ఇల్లు.

అరకిలో బెల్లం తూచి పొట్లం కట్టబోతుంటే చిలుకమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "గింతేనా సావుకారమ్మా? జర కొసరెయ్యి."

"తూకం సరింగనే ఉన్నది గదా చిలుకమ్మా."

"తూకం నీ తక్కెడకు. కొసరు నా మనుసుకు. గింత తుకడ ఎక్కువేస్తే నీ దుకాణం మునుగుతదా? సంబురంగ ఇంటికి పోత గదా."

వరలక్ష్మి చిన్న ముక్క వేసింది. చిలుకమ్మ దాన్ని అక్కడే నోట్లో వేసుకుని, మొహమంతా నవ్వుతో వెళ్లిపోయింది.

వరలక్ష్మి లోపలికి వస్తూ గడపలోనే ఆగింది. మడిచిన పేపరు విప్పింది. మిగిలిన ప్రశ్నల్లో ఇంకా గుర్తు పెట్టనివి మూడు కనిపించాయి, మూడూ తప్పులే. పెన్ను పెట్టింది. మూడింటికీ టిక్కు కొట్టింది.

"పదహారు బిడ్డా."

"అవునా? నేను పది కూడ రావనుకున్న!" పిల్ల కిటికీ దగ్గర్నుంచి గిరుక్కున ఇటు తిరిగింది. ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

కొసరు వేయడం మొదలుపెట్టిన చెయ్యి ఆగదని దుకాణదారు ఇంట్లో పుట్టి, దుకాణదారు ఇంటికే కోడలై వచ్చిన వరలక్ష్మికి తెలియని సంగతి కాదు. ఇవ్వాళ ముక్క పెట్టి రేపు మానేస్తే గిరాకీ మొహం మాడుతుంది. ఇవ్వాళ చిన్నముక్క అయితే రేపు కాస్త పెద్దది కావాలి. పదహారు విన్న పిల్లకు మర్నాడు పద్నాలుగు అని ఎలా చెప్పడం? పద్దెనిమిది అంది. ఆ తర్వాత పందొమ్మిది. పిల్లకు వచ్చేవి మాత్రం ఆ పద్నాలుగూ పదిహేనే. ఇరవై రోజులు తిరిగేసరికి వరలక్ష్మి నోట ఇరవై మూడు అనే మాట దొర్లింది. అనేటప్పుడు ఆమెకు గొంతు కూడా తడబడలేదు. ఎలాగూ చదువుతోంది కదా, ఆ నమ్మకంతోనే నిజంగా వచ్చేస్తాయి అనుకుంది. ప్రతి పూటా అదే అనుకుంది.

ఇల్లు మారిపోయింది. భవాని తలకు నూనె పెట్టించుకుంటోంది, సాయంత్రాలు దుకాణంలో కూర్చుని తండ్రిని ఆట పట్టిస్తోంది. ఉద్యోగం వస్తే మేడారంలో సమ్మక్కకు పిల్ల నిలువెత్తు బంగారం, అంటే పిల్లంత బరువు బెల్లం, ఇస్తానని వరలక్ష్మి మొక్కుకుంది. రమాకాంత్ పిల్ల తిండి చూసి, "నువ్వు జర తక్కువ తినే, దుకాణంల బెల్లమంతా నీకే పోయెటట్టున్నది" అని నవ్వేవాడు.

భవానికి ఇంకో అలవాటు కూడా ఉంది. ఒక పొడుగు నోటుబుక్కు పెట్టుకుంది. టిక్కు పడిన వాక్యాల్లో మళ్లీ వస్తాయనిపించిన వాటిని, ఖాళీలో తాను పెట్టిన మాటతో సహా, అందులో ఎక్కించేది. బియ్యం ఏరుతూ, బట్టలు ఆరేస్తూ, ఆ వాక్యాలను గట్టిగా చదువుకునేది. వరలక్ష్మి వంటింట్లోంచి వింటూ, అర్థం కాకపోయినా, పిల్ల గొంతులో తొట్రుపాటు లేదు కదా అని సంబరపడేది. ఏ వాక్యాలు అందులోకి పోతున్నాయో ఆమెకు ఒక్కసారి కూడా తట్టలేదు.

పరీక్ష శనివారం. మంగళవారం మధ్యాహ్నం భవాని ముప్ఫై ఎనిమిదో టెస్టు రాసింది. ఫోను మోగకముందే పెన్ను కింద పెట్టేసింది.

"జల్ది అయిపోయిందేందే?"

"ఏడో ప్రశ్న చూస్తానే పెట్టేసినమ్మా. సోచాయించే పనే లేదు. బై ద టైమ్ వుయ్ రీచ్డ్ ద స్టేషన్, ద ట్రెయిన్ హ్యాజ్ లెఫ్ట్. ఇరవై ఒకటో టెస్టుల గిదే వచ్చింది, రైటయింది గదా. నోటికొచ్చేసింది."

వరలక్ష్మి ఏడో నంబరు దగ్గర వేలు పెట్టింది. పిల్ల పెట్టింది ఏ. కాగితంలో బీ.

ఆమె చెయ్యి అక్కడే ఉండిపోయింది. "నీళ్లు తాగొస్త" అని లేచి, లోపలి గదిలో బీరువా దగ్గరికి పోయి, పాత పేపర్ల కట్ట విప్పింది. ఇరవై ఒకటో టెస్టు. పిల్ల చెప్పిన వాక్యం అక్కడా ఉంది, పొడుగ్గా, అవే అక్షరాల ఆకారాలతో. పక్కన ఎర్ర టిక్కు. జవాబుల కాగితంలో వేరే అక్షరం.

అది తను కొసరుగా కొట్టిన టిక్కు.

ఇంటూ కొట్టి ఉంటే పిల్ల ఆ మాటను ఒకసారి తప్పు చేసి వదిలేసేది, లేకపోతే సరైనది వెతుక్కునేది. తను టిక్కు కొట్టింది. పిల్ల దాన్ని రాసుకుంది, రోజూ చదివింది, కంఠతా పట్టింది. నెల రోజుల నుంచీ ఈ ఇంట్లో తప్పులను పూజలో మంత్రాల్లా చదివించింది తనే.

మర్నాడు భవాని హాల్‌టికెట్ ప్రింటు తీయించుకోవడానికి పోయినప్పుడు వరలక్ష్మి మంచం నిండా పేపర్లు పరిచింది. ఒక్కో టెస్టు, ఒక్కో ప్రశ్న, జవాబుల కాగితంతో మళ్లీ కలిపి చూసింది. ఆ తప్పుడు టిక్కుల్లో ఏవేవి నోటుబుక్కులోకి పోయాయో, వాక్యం ఆకారాన్ని బట్టి పోల్చుకుంది. కొన్ని పిల్ల వదిలేసింది. కొన్ని ఎక్కించింది. ఎక్కించినవి నలభై మూడు. రెండుసార్లు లెక్కపెట్టినా నలభై మూడే. ఎక్కడెక్కడ తప్పుందో ఇప్పుడు ఆమెకు తెలుసు. సరైన మాటేదో, దాన్ని పిల్లకు ఎలా చెప్పాలో మాత్రం తెలియదు.

గుడికని చెప్పి, నోటుబుక్కు సంచిలో పెట్టుకుని, ఆటో పట్టుకుని హన్మకొండ పోయింది. సారంగపాణి సార్ ఖాళీ తరగతి గదిలో బోర్డు తుడుస్తున్నాడు. వరలక్ష్మి మొత్తం చెప్పేసింది. ఒకటి రెండు కొసరేసిన సార్ అని మొదలుపెట్టినప్పుడు ఆయన నవ్వాడు. నలభై మూడు అన్నప్పుడు నవ్వు ఆగిపోయింది.

"చూపించుండ్రి" అని నోటుబుక్కు తీసుకుని, కుర్చీలో కూర్చుని, పేజీలు తిప్పాడు. "గిది చూసిండ్రా? మేం టేషన్‌కు పోయేసరికి రైలు... మీరైతే ఏమంటరమ్మా?"

"రైలు ఎల్లిపోయుండె."

"ఎల్లిపోయింది అనరు?"

"గట్లెట్లంటం సార్? మనం పోకముందే పోయింది గద. పోయుండె అంటం."

"గంతే. మీ బిడ్డ పెట్టిన హ్యాజ్ కాడ హ్యాడ్ ఉండాలె. హ్యాడ్ అంటే మీ 'ఉండె'నే. చూస్తే మీకు తెలిసిన ముచ్చటనే."

వరలక్ష్మికి ఏడుపొచ్చింది. తెలిసిన ముచ్చటే తన వేలి కింద రోజుల తరబడి ఉంది, తనకు అక్షరాలు రాక పట్టుకోలేకపోయింది.

సార్ ఓ తెల్లకాగితం తీసుకుని నలభై మూడింటికీ సరైన మాటలు వరసగా రాసిచ్చాడు. "ఇయ్యాల్నే చెప్పుండ్రి అమ్మా. ఇంకా రెండు రోజులున్నది. ఎంతో కొంత సర్దుకుంటది."

"చెప్తే... కిందటేడు లెక్క అయితే సార్? ఏమన్న చేసుకుంటదేమో అని నాకు గుబులు."

ఆయన పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"మీరు ఫోను చేసి చెప్పరాదు సార్?"

"నేను చెప్తే ఆ బిడ్డకు ఇంకింత బాధ. అమ్మ నాతోని చెప్పలేక బయటోళ్లతోని చెప్పిచ్చింది అనుకుంటది. మీరే చెప్పాలె."

ఆ సాయంత్రం దుకాణంలో రమాకాంత్‌తో చెప్పింది. ఆయన చేతిలోని చాట కింద పెట్టాడు.

"ఇప్పుడు చెప్తే అది తెలిసినవి కూడ మర్చిపోతది. ఊకో. పరీక్ష అయిపోనీ."

"సార్ చెప్పుమన్నడు."

"రాత్రంత మన బిడ్డ పక్కపొంటి ఉండేది సార్ కాదు గదా."

ఒకరు చెప్పమంటారు, ఒకరు ఊరుకోమంటారు. రెండూ నిజమే అనిపించింది వరలక్ష్మికి. గురువారం పొద్దున చెప్పబోయింది. "భవానీ" అని పిలిచింది. "ఆఁ" అంది పిల్ల. "ఇడ్లీ చాలా, ఇంకోటి పెట్టాల్నా?" మధ్యాహ్నం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "ఏందమ్మా?" "చేతులు ఎండిపోయినయి, నూనె రాస్త." సాయంత్రం పిల్ల డాబా మీద అటూ ఇటూ తిరుగుతూ నోటుబుక్కు చదువుతుంటే, మెట్ల దాకా పోయి, ఆ వాక్యాలే వింటూ, ఏ వాక్యం తప్పో ఏది ఒప్పో గొంతును బట్టి తెలియక, మళ్లీ కిందికి దిగింది. అన్నీ ఒకే ధైర్యంతో చదువుతోంది పిల్ల.

శుక్రవారం పొద్దున భవాని పరీక్ష సెంటరు ఎక్కడుందో చూసి రావడానికి స్నేహితురాలితో పోయింది. అప్పుడు వరలక్ష్మికి ఆ ఆలోచన వచ్చింది. దుకాణంలోంచి తెల్లరంగు సీసా, అదే, రాత మీద పూసి చెరిపేది, తెచ్చుకుంది. సార్ ఇచ్చిన కాగితం పక్కన పెట్టుకుంది. తప్పు మాట మీద తెల్లరంగు పూసి, నోటితో ఊది ఆరబెట్టి, కాగితంలోని మాటను చూస్తూ, ముగ్గు గీసినట్టు ఒక్కో గీతా కలుపుతూ అక్షరాలు గీసింది. ఒక్కో మాటకు చాలాసేపు పట్టింది. పిల్ల ఈ పూట ఇంకోసారి చదువుతుంది కదా, ఉన్నదున్నట్టు చదువుకుపోతుంది, సరైనదే నోటికెక్కుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. చెమట తుడుచుకుంటూ పందొమ్మిది మాటలు మార్చింది. ఇరవయ్యోది మొదలుపెట్టేసరికి దుకాణంలో పిల్ల గొంతు వినిపించింది. నోటుబుక్కు గబుక్కున మూసి యథాస్థానంలో పెట్టేసింది.

భవాని మొహం కడుక్కుని వచ్చి, మంచం మీద బోర్లా పడుకుని నోటుబుక్కు తెరిచింది. మొదటి పేజీ గట్టిగా చదివింది. రెండో పేజీలో గొంతు ఆగింది. వంటింట్లో కూర కలుపుతున్న వరలక్ష్మి చెయ్యి కూడా ఆగింది.

"అమ్మా."

"ఆఁ బిడ్డా."

"గిది ఎవలు రాసిండ్రు?"

వరలక్ష్మి వంటింటి గుమ్మంలోకి వచ్చింది. పిల్ల నోటుబుక్కును ఇటు తిప్పి పట్టుకుంది. చీమల బారులాంటి పిల్ల రాతలో, తెల్లటి మచ్చ మీద, పెద్దగా, వంకర్లు పోతూ, ఒకటో తరగతి పిల్ల పలక మీద దిద్దినట్టున్న మూడు అక్షరాలు.

ఇక దాచడానికి ఏం మిగిలింది? నిలబడిన చోటే అన్నీ చెప్పింది. చెప్తున్నంతసేపూ పిల్ల మొహంలోకి చూడలేదు, పిల్ల కాళ్లనే చూసింది.

"ఎన్ని?" అంది భవాని.

"నలభై మూడు."

"గిండ్ల ఎన్ని దిద్దినవ్?"

"పందొమ్మిది."

"ఇరవై మూడు వచ్చినయన్నవ్ గదా మొన్న. అసలు ఎన్ని?"

"పదిహేను."

పిల్ల అరవలేదు. నోటుబుక్కు పేజీలు ఒక్కొక్కటే తిప్పుకుంటూ పోయింది. అందులో ఉన్నవి మూడు వందలకు పైనే. ప్రతి పేజీ దగ్గరా ఆగి, మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"ఎందుకమ్మా?"

"నువ్వు అన్నం తింటవని" అంది వరలక్ష్మి. ఆ మాట తప్ప ఆమె దగ్గర వేరే కారణం నిజంగా లేదు.

భవాని లేచి, తల్లి బొడ్లోంచి తీసిచ్చిన సార్ కాగితం అందుకుంది. గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. మధ్యాహ్నమంతా లోపల్నుంచి చదువుతున్న చప్పుడు వినిపించింది. ఒక వాక్యం, మధ్యలో ఆగడం, మళ్లీ మొదటినుంచి అదే వాక్యం. వరలక్ష్మి రెండుసార్లు చాయ పెట్టి గుమ్మం దగ్గర ఉంచింది. రెండుసార్లూ చల్లారిన చాయ తనే తీసుకుపోయింది. చదువు చప్పుడు ఆగినప్పుడల్లా వెళ్లి తలుపు సందులోంచి చూసి వచ్చింది.

శనివారం పరీక్ష సెంటరు ఊరవతల ఇంజనీరింగ్ కాలేజీలో. గేటు ఎదురుగా రేకుల షెడ్డు కింద తల్లిదండ్రులు చాలామంది కూర్చున్నారు. ఒకావిడ తన కొడుకు ఎన్ని టెస్టుల్లో ఎన్ని తెచ్చుకున్నాడో చెప్పుకుపోతోంది. "మీ బిడ్డకు ఎన్నొస్తయమ్మా?" అని వరలక్ష్మిని అడిగింది. వరలక్ష్మి నోరు తెరిచి, ఏ అంకె చెప్పాలో తెలియక, "మంచిగనే చదువుతది" అంది.

పిల్లలు బయటికి వచ్చారు. భవాని చెప్పులు వేసుకుని మెల్లగా నడిచి వచ్చింది.

"ఎట్ల రాసినవ్ బిడ్డా?"

"లెక్కలు మొత్తం చేసిన."

"ఇంగ్లీషు?"

"పదకొండు ఇడిసిపెట్టిన."

"అయ్యో, ఏదో ఒకటి పెట్టకపోతివి?"

"తప్పయితే ఉన్నదాంట్లకెల్లి కోస్తరమ్మా. రెండు రెండు గుర్తుకొచ్చినయి. ఒకటి నేను చదివింది, ఒకటి సార్ రాసింది. ఏది ఏందో సమజ్ కాలే. తెల్వనియి కాదు, తెలిసినయే సమజ్ కాలే." చెమట తుడుచుకుని, "దూప అయితాంది, నీళ్లున్నయా?" అంది.

వరలక్ష్మి సీసా మూత తీసి ఇచ్చింది. ఆటోలో ఇంటికొచ్చేదాకా ఆమె చెయ్యి పిల్ల చెయ్యి మీదికి నాలుగైదుసార్లు పోబోయి వెనక్కి వచ్చింది.

ఐదు వారాలకు ఫలితాలొచ్చాయి. భవాని ఫోనులో చూసి, తల్లి వైపు తిప్పి చూపించింది. వరలక్ష్మికి అంకెలు తెలుసు. లెక్కల పక్కన పెద్ద అంకె ఉంది. ఇంగ్లీషు పక్కన ఉన్న అంకె గీతకు ముప్పావు మార్కు తక్కువ.

వరలక్ష్మి ఆ పూట దుకాణంలోకి పోలేదు. పిల్ల ఏ గదిలోకి పోతే ఆ గది గుమ్మంలో ఏదో పని పెట్టుకుంది. ఎదురుచూసింది, పిల్ల గోడవైపు తిరుగుతుందేమోనని. భవాని తిరగలేదు. చేతులు కడుక్కుని వచ్చి పీట వేసుకుని కూర్చుంది. అన్నం పెట్టమంది. పప్పుతో కలుపుకుని, మాట్లాడకుండా, కంచం ఖాళీ అయ్యేదాకా తింది. పిల్ల తింటున్నది ఆకలై కాదు, ఈ తల్లి కోసమేనని వరలక్ష్మికి అర్థమైంది. అంత భయం ఆమెకు కిందటేడు కూడా వేయలేదు.

"నన్ను తిట్టరాదే" అంది. "రెండు మాటలు అను. నాకు పానం నిమ్మళమైతది."

"ఏమనాలమ్మా నిన్ను?" అని భవాని కంచం తీసుకుని లేచింది.

సోమవారం పిల్ల చౌరస్తా దాకా పోయి కొత్త పుస్తకం తెచ్చుకుంది. జవాబుల పేజీలు చింపి, మడిచి, తన బ్యాగులోనే పెట్టుకుంది. వరలక్ష్మి చూసింది.

"నేను దిద్దాల్నా బిడ్డా? సమ్మక్క మీద ఒట్టు, ఈసారి ఉన్నదున్నట్టు..."

"వద్దమ్మా. నేనే చూసుకుంట." గొంతులో కోపం లేదు. ఉంటే బతిమాలుకోవడానికి ఒక దారి ఉండేది.

ఆ మధ్యాహ్నం భవాని గదిలో టెస్టు రాసుకుంది. ఫోను మోగింది. తర్వాత పెన్ను గీతల చప్పుడు వినిపించింది. బయట బియ్యం ఏరుతున్న వరలక్ష్మి చాట ఆపి విన్నది. ఒక్కో గీత గట్టిగా పడుతోంది, ఒక్కోటి మెల్లగా. అవి టిక్కులో ఇంటూలో పోల్చుకుందామని చూసింది. చేతకాలేదు.

చప్పుడు ఆగింది. చాలాసేపు ఏమీ వినిపించలేదు. వరలక్ష్మి ఉండబట్టలేక గుమ్మంలోకి పోయింది. భవాని పేపరును బోర్లా తిప్పి, దాని మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఎన్నొచ్చినయ్ బిడ్డా?"

పిల్ల తలెత్తి తల్లి మొహాన్ని కాసేపు చూసింది. తర్వాత నవ్వింది.

"ఇరవై నాలుగమ్మా."

వరలక్ష్మి ఆ నవ్వు వంక, ఆ అరచెయ్యి వంక చూసింది. "మంచిగొచ్చినయి" అంది. వంటింట్లోకి పోయి అన్నం వడ్డించడం మొదలుపెట్టింది.